తుప్పు మేకుల దారి

"అమ్ముకోవడం నేరమా, సార్జెంట్ గారూ? నేరమైతే చెప్పండి, సంకెళ్ళు వేయించుకుంటాను."

ట్రెవర్ గాట్స్ తన గరాజులో బల్ల ముందు కూర్చుని రెండు చేతులూ చాపాడు. బల్ల మీద నల్లగుడ్డ, దాని మీద నాలుగు పాత వెండి నాణాలు, ఒక ఇత్తడి బకిల్. వాటికి ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టడం అతని పని. పదేళ్ళుగా పక్కపక్కనే, మట్టిలో లోహాన్ని పసిగట్టి కూసే మిషన్ ఊపుతూ పొలాల్లో తిరిగిన స్నేహితుడు పొద్దుటి నుంచి కనిపించడం లేదు. ఇతను దీపం సర్దుకుని ఫోటోలు తీస్తున్నాడు.

"చేతులు దించు ట్రెవర్. విల్ఫ్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"ఇన్‌స్పెక్టర్ బుల్లిమోర్‌కి చెప్పానుగా. నాలుగింటికి."

"నాకూ చెప్పు. మొదట్నించీ."

అతను విసుగ్గా ఊపిరి వదిలాడు. "బెరిల్ సేయర్ పచ్చికలో తిరుగుతున్నాం. నా కొత్త మిషన్ లోతుగా వింటుంది. కూసింది. చెయ్యంత లోతు తవ్వాను. కుండ మూతి కనబడింది, అందులో బంగారు నాణాలు. నా గుండె ఆగినంత పనైంది. అంతలో ముసలాయన 'చెయ్యి తియ్యరా!' అని అరిచాడు. కుండ కనబడితే చెయ్యి తీసెయ్యాలి, మట్టితో సహా మ్యూజియం వాళ్ళే ఎత్తాలి. అది రూలు. సరే, తీశాను. ఆయన మ్యూజియం ఆవిడకి ఫోన్ చేశాడు. ఆవిడ తెల్లారి వస్తానంది. అందాకా కాపలా ఉంటానని గొయ్యి పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను ఇంటికొచ్చేశాను. పొద్దున టీ పట్టుకెళ్ళేసరికి కుండ లేదు, ఆయన లేడు, వ్యాన్ లేదు."

"డెబ్బై దాటిన మనిషిని చలిలో వదిలేసి వచ్చావా?"

"మీరు మాత్రం వదిలేసి రాలేదా? ఇన్‌స్పెక్టరే చెప్పాడు."

ఆ మాట సూటిగా తగిలింది. నిజమే. చీకటి పడే వేళ నేనూ అటుగా వెళ్ళాను. ఆయన నా ఎదుటే చొక్కా ఎత్తి పొట్టకి షుగరు సూది వేసుకున్నాడు. "ఇప్పుడు తింటాలే పిల్లా, వెళ్ళు," అన్నాడు. నా కారులోని ఎర్ర దుప్పటి ఆయన భుజాల మీద కప్పి వచ్చేశాను. ఇంటికెళ్ళాక కూడా మనసు ఆగలేదు. మా అమ్మాయి జెమ్మా అయితే, "అమ్మా, నీకు అందరూ చచ్చిపోతున్నట్టే కనిపిస్తారు," అంటుంది. పోలీసు ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు ఉన్నాక అలా కనిపించకపోతేనే వింత.

"మీ ఇద్దరికీ గొడవైందా?"

"కాక?" ట్రెవర్ లేచి నిలబడ్డాడు. "ఫోన్‌లోనే ఆవిడతో అనేశాడు. నిధి అప్పగిస్తే ఇచ్చే బహుమతి డబ్బు నాకు వద్దు, మా ఊరి పేరు రాసి అద్దాల్లో పెట్టండి చాలు అని! విన్నది నా మిషన్, తవ్వింది నా పార, దానం మాత్రం ఆయనది. నన్నొక్క మాట అడగలేదు."

"ఆయన ఎప్పుడూ ఏదీ అమ్మలేదుగా."

"అదే గొప్పా? ఆయన మంచం కింద చూశారా? నలభై ఏళ్ళ పోగు, బిస్కెట్ డబ్బాల్లో. ఆయన పోయిన మర్నాడు ఎవరో వచ్చి చెత్తబండిలో పోస్తారు. నేనమ్మినవి కొన్నవాళ్ళ ఇంట్లో అద్దాల బీరువాలో ఉంటాయి. వారానికోసారి తుడుచుకుంటారు. ఎవరు బాగా చూసుకున్నట్టు? మీరే చెప్పండి."

అతను చెప్పినదాంట్లో కొంత నిజముంది, అందుకే చిరాకేసింది. గోడకి ఆనించిన అతని మిషన్ వైపు చూశాను. కింద చక్రం మీద మట్టి తప్ప చిన్న గీత కూడా లేదు.

"ఇనుప ముక్కలు కూడా తవ్వుతావా?"

"ఇనుమా!" నవ్వాడు. "నా మిషన్‌కి ఇనుము వినబడకుండా ఎప్పుడో కట్టేశాను. మేకు మేకుకీ వంగి లేస్తుంటే నా నడుం ఎవడు కొంటాడు? ఆ పిచ్చి ముసలాయనకే. ఏదీ వదలడు. తుప్పు మేకులన్నీ ఏరి సంచిలో పోసుకుంటాడు, గడ్డితోపాటు ఆవులు మింగేస్తాయని!"

*

బెరిల్ సేయర్ గేటు దగ్గరే ఎదురొచ్చింది. పూల ఏప్రన్, రబ్బరు బూట్లు, చేతిలో టీ కప్పు. పక్కన గోడకి ఆనించి రెండు గొట్టాల తుపాకీ. పిట్టలు కొట్టే రోజులు కావడంతో ఈ చుట్టుపక్కల ఏ రైతింట్లో చూసినా తుపాకీ బయటే ఉంటుంది.

"తాగు అమ్మాయ్, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. కేకు తింటావా?"

"వద్దు బెరిల్. నిన్న సాయంత్రం అటు వెళ్ళావా?"

"ఎక్కడ! మోకాలు పట్టేసింది. ట్రెవర్ మూడింటికొచ్చి కుండ దొరికిందని చెప్పాడు, అంతే. ఆ తర్వాత గడప దాటలేదు." ఆవిడ తల ఊపింది. "దొరికితే మాత్రం నాకేముంది? బహుమతిలో సగం తవ్వినవాళ్ళకి, సగం భూమి గలవాళ్ళకి. భూమి ఎస్టేటు దొరలది. ముప్ఫై ఏళ్ళు కౌలు కట్టిన దానికి మిగిలేది గొయ్యి. వచ్చే ఏడు అదీ ఉండదు, కౌలు తిరిగి రాసేది లేదన్నారు." గట్టిగా నవ్వింది. "పాపం ఆ ముసలాయన. ఎర్ర దుప్పటి కప్పుకుని చీకట్లో ఎంతసేపు కూర్చున్నాడో, ఏమో."

నేను టీ తాగి కప్పు ఇచ్చేశాను. వేడిగా ఉంది, కడుపులో పడగానే ప్రాణం లేచొచ్చింది. మనిషి మంచిది అనుకున్నాను.

ఆవిడ ఇంటికీ ఆ పచ్చికకీ మధ్య చెట్ల తోపు అడ్డం. తోపు దాటేసరికి ఇన్‌స్పెక్టర్ బుల్లిమోర్ ఫోన్ చెవి దగ్గర నుంచి దించుతూ కనిపించాడు. నాకంటే పదేళ్ళు చిన్న. జిల్లా కేంద్రం నుంచి వచ్చాడు, కొత్త బూట్లతో.

"టీ పార్టీ అయిందా సార్జెంట్ గారూ? మీ పెద్దాయన వ్యాన్ దొరికింది. రైల్వే స్టేషన్ బయట. ఈపాటికి లండన్‌లో బంగారానికి బేరం ఆడుతుంటాడు."

"విల్ఫ్ అమ్మడు సార్."

"మేకులు దాచుకోవడం వేరు, బంగారం దాచుకోవడం వేరు. అందరికీ ఒక ధర ఉంటుంది. అది చూపించేవాడు ఆయనకి ఇన్నాళ్ళూ తగల్లేదు."

"వ్యాన్‌లో చెప్పులున్నాయా?"

"ఏం చెప్పులు?"

"ఉన్ని చెప్పులు. ఆయన బురద బూట్లతో బండి నడపడు. బూట్లు వెనక తొట్టిలో పడేసి, పొడి మేజోళ్ళు, ఉన్ని చెప్పులు వేసుకుంటేనే తాళం తిప్పుతాడు. ఊళ్ళో అందరికీ తెలుసు."

బుల్లిమోర్ ఫోన్‌లో ఫోటోలు వెనక్కి జరిపి చూశాడు. డ్రైవర్ సీటు కింద ఉన్ని చెప్పులు, వాటిలో మడిచిపెట్టిన మేజోళ్ళు. వెనక తొట్టి ఖాళీ. సీటు కింద మ్యాటు మీద ఎండిన బురద.

"బండి ఆయన నడపలేదు సార్. ఎవరో బూట్లతోనే నడిపి అక్కడ పెట్టి వచ్చారు. ఆయన దూరం పోయాడని మనం అనుకోవాలని."

"తొందరలో ఉన్న దొంగ చెప్పులు మార్చుకుంటాడా?" ఫోన్ జేబులో పెట్టాడు. "ఇది చూడండి. మీరే అంటారుగా, ఆయన చెయ్యి మీకు తెలుసని."

కింద చూపించాడు. కుండ ఉన్న గొయ్యి పూడ్చి ఉంది. మామూలుగా కాదు. పచ్చిక గడ్డని మూడు వైపులే కోసి, నాలుగో వైపు వదిలేసి, తలుపులా తెరిచి, మళ్ళీ మూసి, కాలితో తొక్కి మరీ పోయారు. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. అంచుల్లో తడి. వేలు పెట్టి వాసన చూశాను. టీ. గడ్డి ఎండిపోకూడదని ఫ్లాస్కులో మిగిలిన టీ వేళ్ళ దగ్గర పోశాడు. విల్ఫ్ తప్ప ఇంకెవరూ అలా చెయ్యరు.

"బయటి దొంగయితే గొయ్యి నోరు తెరుచుకునే ఉండేది," బుల్లిమోర్ అన్నాడు. "తవ్విన గొయ్యి పూడ్చకుండా పోలేని జబ్బు వీళ్ళది. దొంగతనం చేస్తూ కూడా పూడ్చాడు. కుండ తీసింది విల్ఫ్ కెరిడ్జ్. కాదంటారా?"

"అనను సార్. తీసింది ఆయనే."

అతను ఆశ్చర్యంగా చూశాడు. మ్యూజియం వాళ్ళొచ్చేదాకా దుమ్ము కూడా దులపని మనిషి, తన రూలు తనే తప్పి కుండ పైకెత్తాడంటే, ఇక్కడికి వస్తున్నదెవరో చూసి భయపడే ఎత్తాడు.

మడత కుర్చీ ఒక పక్కకి ఒరిగి ఉంది. పక్కనే ఆయన మిషన్. కుర్చీ కింద టిఫిన్ డబ్బా. మూత తీశాను. రెండు శాండ్‌విచ్‌లు, ఒక ఆపిల్. ఏదీ ముట్టలేదు.

"సార్, ఆయన సూది వేసుకుని ఏమీ తినలేదు! ఒంట్లో షుగరు పడిపోతుంది. ఎక్కడో పడి ఉంటారు. కుక్కల్ని రప్పించండి, హెలికాప్టర్..."

"రెండూ వెనక్కి పంపేశాను. లండన్ రైల్లో కూడా శాండ్‌విచ్‌లు అమ్ముతారు."

"ఒక్క మనిషినైనా ఇవ్వండి."

"ఇవ్వను. మీకు ప్రతి కేసులోనూ శవం కనిపిస్తుంది హేజెల్ గారూ. పోయినసారి స్కూలు ఎగ్గొట్టిన పిల్ల కోసం చెరువు తోడించారు."

"ఆ పిల్ల బతికే దొరికింది."

"సినిమా హాల్లో!"

అప్పుడు గడ్డిలో అది కనబడింది. కుర్చీకి రెండడుగుల అవతల, తుప్పు పట్టిన గుర్రపు నాడా మేకు. మట్టి లోపల కాదు, గడ్డి మీద.

"సార్, మేకు."

"అరెస్టు చేసుకోండి," అనేసి బుల్లిమోర్ కారు వైపు నడిచాడు. కొత్త బూటు బురదలో జారితే తిట్టుకున్నాడు. కాసేపటికి కారు చప్పుడు రోడ్డు మీద దూరమైపోయింది.

*

ఏరిన మేకుని విల్ఫ్ మళ్ళీ నేల మీద పడెయ్యడు. పదేళ్ళుగా ఏరి ఏరి ఈ పచ్చిక పైపొరలో సూదంత ఇనుము కూడా లేకుండా చేశాడు. ఇక్కడ మిషన్ పెడితే ఏమీ వినబడకూడదు.

గడ్డి మోకాలెత్తు ఉంది, కళ్ళతో వెతికితే లాభం లేదు. ఆయన మిషన్ చేతిలోకి తీసుకుని మీట నొక్కాను. ఒక వేసవిలో, తోటలో పోయిన నా పెళ్ళి ఉంగరం వెతికి ఇచ్చినప్పుడు, దీన్ని ఎలా ఊపాలో ఆయనే నేర్పాడు. ఉంగరానికి ఏమీ తీసుకోలేదు. "పోగొట్టుకున్నవాళ్ళు బతికుంటే వాళ్ళకే ఇవ్వాలి పిల్లా. లేకపోతే దాచాలి. అమ్మడానికి అది మనదైతేగా," అన్నాడు.

ఆయన మిషన్‌లో ఏ లోహానికీ నోరు కట్టలేదు. చక్రం ఇటూ అటూ ఊపాను. నిశ్శబ్దం. ముందుకు. నిశ్శబ్దం. మళ్ళీ ఊపితే చక్రం కింద నుంచి మొరటుగా ఒక గొణుగుడు. ఇనుము! గడ్డి విడదీశాను. మేకు. కొంచెం అవతల ఇంకో గొణుగుడు. తీగముక్క. తర్వాత మళ్ళీ మేకు. ఎవరో నడుస్తూ, ఆగుతూ, చేతిలోంచి ఒక్కొక్కటే జారవిడిచినట్టు, వరసగా తోపుకి ఎదురు దిక్కున ఉన్న కంచె వైపు పోతున్నాయి.

ఫోన్ చూశాను. ఇటు పల్లంలో సిగ్నల్ లేదు. సాక్ష్యం కదపకూడదు, గుర్తు పెట్టి వదిలెయ్యాలి. మాకు నేర్పింది అదే. సంచిలోంచి పసుపు జెండాలు తీసి మేకు మేకు పక్కనా ఒకటి గుచ్చుకుంటూ పోయాను. ఆవుల్ని చూడ్డానికి వచ్చినట్టుంది, తోపు అంచున బెరిల్ నిలబడి ఉంది. అంత దూరం నుంచే గొంతెత్తి అరిచాను. "బెరిల్! రోడ్డు మీదకెళ్ళి ఆంబులెన్సుకి ఫోన్ చెయ్యి! ఇన్‌స్పెక్టర్ వెనక్కొస్తే పసుపు జెండాల వెంట రమ్మను!"

"అలాగే అమ్మాయ్! నువ్వు వెళ్ళు!"

కంచె దగ్గర గుంటలో కాలు జారి పడ్డాను. లేచి మళ్ళీ ఊపాను. దేవుడా, ఇంకొక్కటి వినిపించు. వినిపించింది. కంచె అవతల, ఐవీ తీగలు అల్లుకుపోయిన కాంక్రీటు గది. పాత యుద్ధంలో సైనికులు తుపాకులు పెట్టుకుని కాపలా కాసినది. ఇప్పుడు నక్కలు కూడా దూరవు. సందు ముందు రాతి మీద మేకు లేదు, చిన్న ఇనుప తాళంచెవి ఉంది. విల్ఫ్‌కి నేల ఇచ్చిన మొట్టమొదటి వస్తువు. దాన్ని నలభై ఏళ్ళుగా మెడలో తాడుకి కట్టుకున్నాడు. ఎవరెవరో కొంటామన్నా ఇవ్వలేదు. ఆ తాడు తెంపి పెట్టాడంటే ఇంక ఆయన దగ్గర జారవిడవడానికి ఏమీ మిగల్లేదు.

పాక్కుంటూ లోపలికి దూరాను.

మూల ఎర్ర దుప్పటి. దుప్పటి లోపల విల్ఫ్. మొహం మైనంలా ఉంది, ఒళ్ళంతా చల్లటి చెమట. ఎడమ కాలు మోకాలి కింద తిరగకూడని వైపు తిరిగి ఉంది, నేను జారిన గుంటలోనే పడి ఉంటాడు. పోయాడనే అనుకున్నాను. చేతి నాడి పట్టుకుంటే ముందు ఏమీ తెలియలేదు. తర్వాత తెలిసింది. ఉంది. సన్నగా ఉంది.

నా సంచిలో ఎప్పుడూ గట్టి బెల్లంలాంటి బార్లీ చక్కెర బిళ్ళలు ఉంటాయి. జెమ్మా వెక్కిరించే సంచి అది. ఒకటి కొరికి పొడి చేసి ఆయన చిగుళ్ళకి రుద్దాను. కాసేపటికి గుటక వేశాడు. ఇంకొంచెం. ఇంకొంచెం. కళ్ళు తెరిచాడు.

"వచ్చావా పిల్లా." గొంతు పీలగా ఉంది. "వస్తావనుకున్నాను. మేకు చూస్తే నువ్వొక్కదానివే ఆగుతావు."

"మాట్లాడకండి పెద్దాయనా. ఆంబులెన్సు వస్తుంది."

"కుండ..." చెయ్యి జాపాడు. కోటులో చుట్టిన మూట, మట్టితో సహా. "నేను ముట్టుకోకూడదు. తెలుసు. మ్యూజియం ఆవిడకి చెప్పు, కావాలని ముట్టుకోలేదని. లోపల ఏదీ కదపలేదు."

"ఎవరొచ్చారు? ట్రెవర్ వచ్చాడా?"

"వాడు తోపులోనే ఉండిపోయాడు. మొహం చూపించడానికి సిగ్గేసిందేమో, పాపం. మాటలు వినబడ్డాయి. వాడి మిషన్‌తో నా వెనక వెతుకుతాడని తెలుసు. అందుకే రాగి కాదు, వెండి కాదు, మేకులే వదిలాను." పెదవుల మీద చిన్న నవ్వు. "వాడి మిషన్ అమ్ముడుపోయేవే వింటుంది. చెత్త వినబడదు దానికి. రాత్రంతా ఈ గది పక్కనుంచే తిరిగాడు, నేను ఊపిరి బిగబట్టాను. నా దారి నీకు తప్ప ఎవరికీ వినబడదు పిల్లా."

"వాడు తోపులో ఉంటే, మీ దగ్గరికి వచ్చిందెవరు?"

"టీ ఇస్తానని వచ్చింది. అంతకుముందు తోపులో వాడితో అంటుంటే విన్నాను, ముసలాయన ఒప్పుకోకపోతే వేరే దారి ఉందని. దుప్పటి బాగుందే, ఎవరిచ్చారు విల్ఫ్, అని నవ్వుతూ అడిగింది. చేతిలో తుపాకీ ఉంది. టీ మర్చిపోయానని వెనక్కెళ్ళింది చూడు, అప్పుడు లేపాను కుండని..."

ఎర్ర దుప్పటి. బెరిల్‌కి ట్రెవర్ చెప్పింది మూడింటికి. నేను దుప్పటి ఇచ్చింది ఆ తర్వాత. గడప దాటలేదన్న మనిషికి దాని రంగు ఎలా తెలిసింది? టీ తాగుతూ నిలబడి, నా చెవులతో విని, మంచిది అనుకున్నాను.

"ఎవరైనా తోడొచ్చారా?" విల్ఫ్ అడిగాడు.

గోడలో తుపాకీ పెట్టుకోవడానికి వదిలిన సన్న సందులోంచి బయటికి చూశాను.

ఆయన మేకులతో రాసిన దారి ఎవరికీ కనబడనిది. దాన్ని నేను పసుపు జెండాలతో ఊరంతటికీ కనబడేలా చేశాను. పచ్చిక మీదుగా ఆ జెండాల వరస వెంటే బెరిల్ సేయర్ నడిచి వస్తోంది. మోకాలు ఏమాత్రం కుంటడం లేదు. తుపాకీ మోచేతి మీద ఒరిగి ఉంది. ఒక జెండా దగ్గర ఆగింది, వంగింది, దాన్ని పీకి, మట్టి దులిపి, ఏప్రన్ జేబులో పెట్టుకుంది. తర్వాతి జెండా దగ్గర మళ్ళీ ఆగింది. ఆవిడ వెనక తోపు దాకా పచ్చిక ఖాళీగా ఉంది. అక్కడ ఒక దారి ఉండేదని ఇంక ఎవరూ చెప్పలేరు.

కంచె ఇవతల ఒక్క జెండా మిగిలింది.

"అమ్మాయ్!" తియ్యగా పిలిచింది. "దొరికాడా?"